మళ్లీ అదే తరగతిలో

చింతలగట్టు హైస్కూల్లో గంట కొట్టే రాయమల్లుకు చదువు రాదు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు ఆ బడిలో జవానుగా చేరినప్పుడు, అప్పటి పెద్దసారు అతనికి ఉర్దూలో సంతకం పెట్టడం మాత్రం నేర్పించాడు. ఆ తర్వాత బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. మిడిల్ స్కూలు హైస్కూలైంది. హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాయమల్లు సంతకం మాత్రం కుడి నుంచి ఎడమకే నడుస్తూ ఉండిపోయింది.

అక్షరం రాకపోయినా, బడి పిల్లల సంగతి అతనికి తెలిసినంతగా సార్లకు కూడా తెలియదు.

చుట్టుపక్కల పల్లెల నుంచి ఎనిమిదో తరగతిలో చేరే పిల్లలు మొదటి నెలంతా గోడల వెంట నడుస్తారు. సద్దిగిన్నె మూత తీసి, ఇంటి వాసన తగలగానే కళ్లు తుడుచుకుంటారు. బతుకమ్మ సెలవులకు ఊరికి పోయి వచ్చాక గొంతులు లేస్తాయి. తొమ్మిదిలోకి వచ్చేసరికి జేబుల్లో అద్దం ముక్కలుంటాయి. ఊరికే నవ్వులు, ఊరికే కొట్లాటలు. మూడు రోజులు మాట్లాడుకోని ఇద్దరు నాలుగో రోజు ఒకే సైకిల్ మీద కనబడతారు. పదికి వచ్చాక మొదటి ఆరు నెలలూ బడికి పెద్దమనుషుల్లా తిరుగుతారు. ఆ తర్వాత బోర్డు పరీక్ష దగ్గర పడుతుంటే ఒక్కొక్కరే మూగబోతారు.

వరండాలో నాలుగు నీళ్ల రంజన్లుండేవి. మామూలు రోజుల్లో పొద్దున నింపితే సాయంత్రం దాకా వచ్చేవి. ఫిబ్రవరిలో, ఎండ ఇంకా ముదరకముందే, అవి మధ్యాహ్నానికి అడుగంటేవి. పదో తరగతి పిల్లలకు నోళ్లు ఎండిపోయేవి. ఒక్కో పీరియడ్‌లో రెండు మూడుసార్లు వచ్చి, ముంత ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకోకుండానే పోయేవాళ్లు. కొందరికి కడుపునొప్పి. కొందరు పిలిస్తే ఉలిక్కిపడేవాళ్లు. రాయమల్లు చూసేవాడు, మళ్లీ బావి నుంచి నీళ్లు తెచ్చి పోసేవాడు. జవాను చూసిందాన్ని అడిగేదెవరు?

అందరికంటే ఎక్కువగా అతనికి గుర్తుండిపోయినవాడు భూమన్న. యాభై ఏడులో పది చదివాడు. మంచి గొంతు, ప్రతి శుక్రవారం బడిలో పాట అతనిదే. పరీక్షల ముందు నెల రోజులు ఆ గొంతు వినబడలేదు. రంజన్ దగ్గరికి వచ్చి, తాగకుండా, ముంత పట్టుకొని అలాగే నిలబడేవాడు. “ఏంది భూమన్నా, నీళ్లల్ల ఏమన్న పడ్డదా?” అని రాయమల్లు ఒకసారి నవ్వులాటకు అడిగితే, “ఏం లేదు కాకా” అని పోయాడు. ఫలితాలలో అతని నంబరు లేదు. ఆ రోజే ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. అతని తల్లి రామవ్వ ఆ వానాకాలమంతా బడి గేటు దగ్గరికి వచ్చి, “ఈడికి గిట్ట వచ్చిండా బాంచెన్?” అని అడిగేది. రెండేళ్ల తర్వాత ఎవరో అతన్ని బెల్లంపల్లి బొగ్గుబాయిలో చూశామన్నారు. మనిషి మాత్రం తిరిగి రాలేదు.

తప్పినవాళ్లెవరూ తిరిగి రారు. పొలానికో, బాయికో, బట్టల దుకాణంలోకో పోతారు. బడి గేటు ముందు నుంచి నడవాల్సి వస్తే రోడ్డు అవతలి పక్కకు జరుగుతారు. పన్నెండేళ్లలో పరీక్ష తప్పినవాడు మళ్లీ ఆ గేటులోంచి లోపలికి రావడం రాయమల్లు ఒక్కసారి కూడా చూడలేదు.

అతని కూతురు కనకవ్వ యాభై ఎనిమిదిలో ఎనిమిదో తరగతిలో చేరింది. ఆ ఏడు ముగ్గురే ఆడపిల్లలు. కనక నల్లగా, పొడుగ్గా, చేతులు ఊపుకుంటూ నడిచే పిల్ల. లెక్కల సారు రామకిషన్‌రావు ప్రశ్న పూర్తి చేయకముందే లేచి జవాబు చెప్పేది. ఆయన గదమాయిస్తే కూర్చొని, కూర్చునే చోటి నుంచే మళ్లీ చెప్పేది. మగపిల్లలు ‘గంట బిడ్డ’ అని పేరు పెట్టారు. ఒకనాడు కనక వాళ్లవైపు తిరిగి, “అవును, మా బాపు కొడితేనే మీరు ఇంటికి పోతరు. కొట్టకుంట ఊకుంటె ఈడనే ఉంటరు” అన్నది. ఆ తర్వాత ఆ పేరులో పస పోయింది.

తొమ్మిదిలో మిగతా ఇద్దరు ఆడపిల్లలకూ పెళ్లిళ్లయ్యాయి. పదికి కనక ఒక్కతే మిగిలింది.

చింతలగట్టు నుంచి బోర్డు పరీక్ష రాయబోయే మొదటి ఆడపిల్ల. ఊరు ఊరంతా ఆ మాటే. రాయమల్లుకైతే నేల మీద కాలు ఆగలేదు. బస్సు ఆగే చోట ఉన్న చాయ హోటల్లో కూర్చొని, “నా బిడ్డ పది పాసైనంక చూడుండ్రి, కరీంనగర్ తోలిస్త” అనేవాడు. అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసి, పెద్దసారు రామేశ్వర్‌రావు కనకను అందరి ముందుకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, “ఈ ఊరి పేరు నిలబెట్టే బిడ్డ ఇదిగో” అన్నాడు. చప్పట్లు మోగాయి. చప్పట్లలో రాయమల్లువే గట్టివి.

ఆ మరునాటి నుంచి కనక మాట తగ్గింది.

తల్లి బుచ్చవ్వ అన్నం పెడితే సగం గిన్నెలోనే ఉండేది. “ఎందుకు తింటలేవే?” అంటే, “ఆకలైతలేదు అవ్వా” అనేది. తరగతిలో లేచి జవాబు చెప్పడం మానేసింది. పుస్తకం ముందు పెట్టుకొని, ఎడమచేత్తో చెవి వెనక జుట్టును ఒక్కో వెంట్రుకా తీసి లాగేది. సాయంత్రం తరగతులు ఊడ్చేటప్పుడు ఆమె బెంచీ కింద పొడుగాటి వెంట్రుకలు రాయమల్లు చీపురుకు చుట్టుకునేవి. మొదటి రోజు చూసి ఆగాడు. రెండో రోజు చూశాడు. పరీక్షల వేడి, అదే పోతుందిలే అనుకొని వాటిని మిగతా చెత్తతో కలిపి ఊడ్చేశాడు. భూమన్న గుర్తుకు రాలేదా అంటే, వచ్చాడు. నా బిడ్డ గట్ల కాదు అనుకున్నాడు.

మార్చిలో సుల్తానాబాద్‌లో పరీక్షలయ్యాయి. “ఎట్ల రాసినవ్ బిడ్డా?” అని అడిగిన ప్రతిసారీ కనక “మంచిగనే” అన్నది.

ఫలితాల పేపరు మే నెలాఖరులో, మధ్యాహ్నం బస్సులో వచ్చింది. హోటల్లో పదిమంది గుమిగూడారు. పోస్టాఫీసు గుమాస్తా నంబర్లు చదివాడు. ఒకసారి చదివి, వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి వెతికి, పేపరు మడిచాడు. “అచ్చులో ఏమన్న తప్పు పడ్డదేమో రాయమల్లూ” అన్నాడు నెమ్మదిగా. అంత మాట వినగానే రాయమల్లుకు విషయం అర్థమైంది. హోటలాయన చాయ గ్లాసు ముందు పెట్టాడు. దాన్ని ముట్టకుండానే లేచి ఇంటికి నడిచాడు. వెనకాల ఎవ్వరూ నవ్వలేదు. అది ఇంకా కష్టంగా తోచింది.

ఇంట్లో కనక లేదు. బుచ్చవ్వ గాబరాగా ఎదురొచ్చింది. “బస్సు చప్పుడు ఇనంగనే బయటికి పోయింది. ఎక్కడికే అంటె పల్కలే. ఏమైందయ్యా?”

“తప్పింది.”

“అయ్యో నా తల్లీ” అని బుచ్చవ్వ గడపలో కూలబడింది. రాయమల్లు కళ్ల ముందు బడి గేటు పట్టుకొని నిలబడ్డ రామవ్వ కదిలింది. ఆ ఎండలో చెప్పుల్లేకుండానే ఉరికాడు. ఊరి బావులు రెండూ తొంగి చూశాడు. వాగు దాకా పోయి వచ్చాడు. ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. తిరిగి వస్తుంటే అప్పుడు తట్టింది, పొద్దున ఇంట్లో గోడకు వేలాడిన బడి తాళంచెవులు తాను బయటికి వచ్చేటప్పుడు కనబడలేదు.

సెలవుల్లో మూసి ఉన్న బడి. గేటు తీసి ఉంది. పదో తరగతి గదిలో, తన బెంచీ మీద, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంది కనక.

రాయమల్లు తలుపు పట్టుకొని ఆయాసం తీర్చుకున్నాడు. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. చివరికి, “ఈడ కూసున్నవా బిడ్డా” అన్నాడు.

“ఇంకెక్కడికి పోవాలె బాపు? ఊళ్లె అంతట మనుషులే ఉన్నరు. ఈడ ఎవ్వరు లేరు.”

అతను లోపలికి వచ్చి ఆమె బెంచీ పక్కన కింద కూర్చున్నాడు. ఆ గది రోజూ ఊడ్చినవాడే, ఒక్కనాడూ అందులో కూర్చోలేదు.

“లెక్కల పేపరు నాడు...” అని కనకే మొదలుపెట్టింది. “అన్నీ వచ్చినయే బాపు. సారు చెప్పినయే, నేను చేసినయే. కలం పట్టుకుంటె చెయ్యి కదల్లే. గుండె దడదడ కొట్టుకుంది. అంకెలు చీమల లెక్క పారుతున్నయి. అందరు రాస్తున్నరు. పెద్దసారు జెండా కాడ అన్న మాట ఒక్కటే చెవుల మోగుతున్నది. గంటసేపు గట్లనే కూసొని లేచి వచ్చిన.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు మస్తు సంబురంగ ఉంటివి.”

రాయమల్లు తల వంచుకున్నాడు. తర్వాత, ఎన్నడూ ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

“గీ బెంచి కింద నీ ఎంట్రుకలు ఊడ్చిన బిడ్డా. దినాం ఊడ్చిన. చూసిన. చూసి ఊకున్న. మా బిడ్డకు ఏమైతది, మా బిడ్డ పులి అనుకున్న. భూమన్నను గూడ గట్లనే చూసి ఊకున్న. వాని అవ్వ వచ్చి గేటు కాడ నిలబడితె నాకెర్కలేదన్న. నాకు ఎర్కనే. వాడు నీళ్లు తాగకుంట ముంత పట్టుకొని నిలబడుతుంటె ఒక్క సారుకన్న చెప్తె ఏమైతుండె?”

తండ్రి ఏడవడం కనక అప్పుడు మొదటిసారి చూసింది. బెంచీ మీంచి దిగి అతని పక్కన కూర్చుంది. బయట ఎండ వరండా దాటి గడప దాకా వచ్చింది.

“ఇగ నేను బడికి రాను” అంది కనక. “అవ్వతోని పొలం పోత.”

“పోతె పోదువు. పొలం యాడికి పోతది? సదువు మీద మనసు సచ్చిందా చెప్పు.”

కనక తల అడ్డంగా ఊపింది. “సావలే. గా హాలంటేనే భయం.”

“గట్లయితె మళ్ల గీ బెంచి మీదనే కూసో.”

“మళ్ల పదిలనా? చిన్నోళ్లతోని? నవ్వుతరు బాపు.”

“నవ్వుతరు” అన్నాడు రాయమల్లు. “నవ్వనీ. నేను వరండలనే ఉంట.”

మరునాడు బుచ్చవ్వ కూతుర్ని తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. పిల్లకు గాలి సోకిందని ఆమె నమ్మకం. రాయమల్లు అడ్డం చెప్పలేదు. కానీ సాయంత్రం ముగ్గురూ కలిసి లీలాబాయి టీచర్ ఇంటికి పోయారు. లీలాబాయిది ఆదిలాబాద్. మాటలో మరాఠీ యాస. బడిలో హిందీ చెప్పేది, చింతలగట్టుకు వచ్చి మూడేళ్లయింది. కనక చెప్పిందంతా విని, ఆమె తన చేతి గోళ్లు చూపించింది.

“నేను మెట్రిక్ రాసే ఏడు గీ గోళ్లు నెత్తురు వచ్చేదాక కొరికిన. మా ఆయి, అంటె మా అమ్మ, చేతులకు యాపాకు రసం రాసింది. గోళ్లు కొరుకుడు ఆగింది, భయం ఆగలే. ఎవ్వరికన్న చెప్పుకుంటె ఆగుతుండెనేమో. నాకు తెల్వలే, మా ఆయికీ తెల్వలే.”

“గాలి కాదా మరి?” అంది బుచ్చవ్వ.

“కాదు బుచ్చవ్వా. తాయెత్తు ఉండనీ, నీకు ధైర్యం. కానీ పొల్లను ఏడు గంటల నిద్ర పోనియ్యి. ముంగట కూసొని అన్నం తినిపియ్యి. భయమైతుందంటె కసురుకోకు, ఏంది భయమని అడుగు. అగ కనకా, నువ్వు వారానికి ఒక్కసారి నా దగ్గరికి రా. పుస్తకం తేకు.”

పెద్దసారు దగ్గరికి మాత్రం రాయమల్లు ఒక్కడే పోయాడు. రామేశ్వర్‌రావు దొరల కుటుంబంలో పుట్టినవాడు. కోపిష్టి, కానీ మనిషి న్యాయస్తుడు. రాయమల్లు చేతులు కట్టుకొని నిలబడి, తన బిడ్డను మళ్లీ పదిలో చేర్చుకోమన్నాడు.

“తప్పినోళ్లు ప్రైవేటుగ రాసుకుంటరు రాయమల్లూ. క్లాసుల వచ్చి కూసుండరు.”

“కూసుండొద్దని రూలున్నదా అయ్యా?”

పెద్దసారు బీరువా తీశాడు, పుస్తకం తీశాడు, కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు తిప్పాడు. “రూలేం లేదు” అన్నాడు చివరికి. “ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలే.”

“నేను అడుగుతున్నయ్యా.”

ఆ తర్వాత రాయమల్లు ఆగలేదు. ఫిబ్రవరిలో రంజన్లు ఎట్లా ఖాళీ అవుతాయో చెప్పాడు. ఏ పిల్లకు కడుపునొప్పి ఎప్పుడొస్తుందో, ఏ పిల్లవాడు పరీక్షకు ముందు ఎన్నిసార్లు చేతులు కడుగుతాడో, భూమన్న ఎట్లా మూగబోయాడో, కనక జుట్టు ఎట్లా రాలిందో అన్నీ చెప్పాడు. పెద్దసారు ముఖం ఎర్రబడింది.

“నేను ఆ పిల్లను మెచ్చుకున్న. నలుగురిల మెచ్చుకున్న. అది తప్పా?”

“తప్పు కాదయ్యా. నేను గూడ మెచ్చుకున్న, ఊరంత తిరిగి మెచ్చుకున్న. ఇద్దరం కలిసి గా పొల్ల నెత్తిన మోయరాని మూట ఎత్తినం.”

పెద్దసారు లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఇటు తిరగకుండానే, “ఇవన్నీ నాకెందుకు చెప్పలే ఇన్నేండ్లు?” అన్నాడు.

“మీరెన్నడు అడగలే అయ్యా.”

కొంతసేపటికి రామేశ్వర్‌రావు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సిరాబుడ్డి మూత తీసి, కాగితం ముందుకు లాక్కున్నాడు. “జర నిమ్మళంగ చెప్పు. మొదటి నుంచి చెప్పు” అన్నాడు. రాయమల్లు చెబుతుంటే ఆయన రాసుకున్నాడు.

జూన్‌లో బడి తెరిచిన రోజు రాయమల్లు గంట కొట్టాడు. గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద సుత్తె రెండుసార్లు జారింది. కనక గేటులోంచి వచ్చింది. జుట్టు రాలిన చోట కనబడకుండా బుచ్చవ్వ జడను చెవి మీదికి లాగి గట్టిగా అల్లింది. ఆమె తండ్రి వైపు చూడలేదు. తిన్నగా పదో తరగతిలోకి పోయింది. కిందటేడు ఆమెను అక్కా అని పిలిచిన పిల్లలే ఇప్పుడు పక్క బెంచీల్లో ఉన్నారు. ఒకడు మోచేత్తో ఇంకొకణ్ణి పొడిచాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

రాయమల్లు వరండాలో చీపురు పట్టుకొని, ఊడ్చిన చోటే ఊడుస్తూ నిలబడ్డాడు. లోపల రామకిషన్‌రావు సారు హాజరు పిలుస్తున్నాడు. కొత్తగా రాసిన పేరు దగ్గర ఆగాడు.

“కనకవ్వా. నువ్వు పోయినేడు పిల్లవు గదా?”

రాయమల్లు చీపురు ఆగింది. లోపలికి పోయి బిడ్డను చెయ్యి పట్టుకొని తీసుకురావాలనిపించింది. బెంచీ కిర్రుమన్న చప్పుడు వినబడింది. లేచిందన్నమాట.

“అవును సార్. పోయినేడు లెక్కలల్ల తప్పిన. హాల్ల భయమై చెయ్యి కదల్లే. మళ్ల సదువుదామని వచ్చిన.”

గొంతు మధ్యలో ఎక్కడా తెగలేదు. చివరి బెంచీ దాకా వినబడేలా చెప్పింది. రామకిషన్‌రావు సారు కళ్లద్దాలు తీసి తుడుచుకొని, “కూసో బిడ్డా” అన్నాడు. ఆయన నోట ఆ మాట ఏ పిల్లవాడూ అంతకుముందు వినలేదు.

రాయమల్లుకు బిడ్డ పుట్టిన రోజు తెలుసు, మొదటిసారి నడిచిన రోజు తెలుసు. ఆ రెండు రోజులూ కలిసినా ఇంత సంతోషం కాలేదు. చీపురు గోడకు ఆనించి, రంజన్ వెనక్కి పోయి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

ఎనిమిది రోజుల తర్వాత, కిందటేడే ఇంగ్లీషులో తప్పిన వెంకటి తండ్రితో కలిసి గేటు దగ్గర నిలబడ్డాడు. “రాయమల్లన్నా, మీ పొల్లను చేర్చుకున్నరట గదా” అన్నాడు తండ్రి. రాయమల్లు గేటు రెండు రెక్కలూ తెరిచి, వాళ్లను తానే పెద్దసారు గదికి తీసుకుపోయాడు. నెల తిరగకముందే ఇంకో ఇద్దరు వచ్చారు.

ఆ ఏడు పెద్దసారు ఏర్పాటుతో ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో పదో తరగతివాళ్లు లీలాబాయి టీచర్ దగ్గర కూర్చునేవాళ్లు. పుస్తకాలుండవు. మొదటి రెండు వారాలు ఒక్కరూ నోరు విప్పలేదు. నేల గీకుతూ, గంట ఎప్పుడు కొడతారా అని చూశారు. మూడో వారం కనక తన చెయ్యి కదలని సంగతి చెప్పింది. దాంతో మొదటి రోజు వెనక నుంచి నవ్విన పిల్లవాడే లేచి, తనకు పరీక్షంటే రాత్రి నుంచే వాంతులవుతాయని చెప్పాడు. ఇంకొకడు ఇంట్లో అన్నతో పోల్చి తిడతారన్నాడు. కొన్నిటికి లీలాబాయి దగ్గర మందు లేదు. వినేది, అంతే. కొందరి ఇళ్లకు పోయి తల్లిదండ్రులతో మాట్లాడేది. పెద్దసారు రోజూ సాయంత్రం రాయమల్లును పిలిచి, “ఇయ్యాల ఎవరెట్లున్నరు?” అని అడగడం అలవాటు చేసుకున్నాడు.

అంతా సాఫీగా జరిగిందని కాదు. జనవరి చివర్లో కనక చెయ్యి మళ్లీ చెవి వెనక్కి పోయింది. కానీ ఈసారి రాయమల్లు చీపురుకు అంటుకోకముందే ఆమె తానే వచ్చి చెప్పింది.

“బాపు, మళ్ల షురువైంది.”

“కానీ. నాకు చెప్పినవ్ గదా. ఫికర్ చెయ్యకు” అన్నాడు రాయమల్లు. నిజానికి ఫికర్ అతనికే ఎక్కువైంది. లీలాబాయి చెప్పినట్టు పొద్దున్నే కనకను బావి దగ్గరికి వెంట తీసుకుపోయేవాడు. ఇద్దరూ చెరొక బిందె ఎత్తుకొని నడిచేవాళ్లు. చేతులకు పనుంటే వేళ్లు జుట్టు దాకా పోవు. దారి పొడుగునా కనక లెక్కల సూత్రాలు పైకి చెప్పేది. అతనికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. “మళ్ల చెప్పు, నాకు సమజ్ కాలే” అనేవాడు. చెప్పేది. కొన్ని రోజులు మంచిగా ఉండేది, కొన్ని రోజులు అన్నం దగ్గర లేచిపోయేది. బుచ్చవ్వ కసురుకోబోయి, నాలిక కరుచుకొని, “ఏంది బిడ్డా భయం?” అని అడగడం నేర్చుకుంది.

లెక్కల పరీక్ష రోజు రాయమల్లు సుల్తానాబాద్ పోయి పరీక్ష కేంద్రం గోడ పక్కన కూర్చున్నాడు. గంటకే ఒకరిద్దరు బయటికి వచ్చారు. కనక రాలేదు. రెండు గంటలకు ఇంకా కొందరు వచ్చారు. అప్పుడూ రాలేదు. చివరి గంట కొట్టాక, అందరి వెనకా, కుడిచేతి వేళ్లకు మణికట్టు దాకా సిరా పూసుకొని వచ్చింది.

“ఆగింది బాపు, మధ్యల ఒక్కసారి చెయ్యి ఆగింది” అంది. “కలం కింద పెట్టిన. టీచర్ చెప్పినట్టు ఊపిరి తీసుకుంట ఇరవై దాక లెక్కబెట్టిన. మళ్ల కదిలింది.”

“ఎట్ల రాసినవ్” అని అతను అడగలేదు. హోటల్‌కు తీసుకుపోయి, ఎదురుగా కూర్చోబెట్టి, కడుపునిండా తినిపించాడు. రెండోసారి వడ్డించమని కనకే అడిగింది.

మే నెలలో కనక సెకండ్ క్లాసులో పది పాసైంది. నంబరు పేపర్లో చూసి పెద్దసారు తానే జవాను ఇంటికి నడిచి వచ్చాడు. వెంకటి కూడా పాసయ్యాడు. తిరిగి చేరిన మిగతా ఇద్దరిలో ఒకడు గట్టెక్కాడు, ఒకడు మళ్లీ తప్పాడు. తప్పినవాడు ఈసారి ఎక్కడికీ పారిపోలేదు. జూన్‌లో మళ్లీ వస్తానని లీలాబాయితో చెప్పి పోయాడు.

చింతలగట్టులో అందరూ “రాయమల్లు బిడ్డ పాసైందట” అన్నారు. అలా అన్నవాళ్లను అతను ఆపేవాడు. “పాసైంది. అంతకుముందు ఏడు తప్పింది. తప్పి, గదే క్లాసుల మళ్ల కూసుంది. గది గూడ చెప్పుండ్రి” అనేవాడు. తప్పింది అన్న మాట దగ్గర అతని గొంతు తగ్గేది కాదు.

బడి తెరిచేనాటికి కనకకు కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. ప్రయాణం మధ్యాహ్నం బస్సుకు. ఆ ఏడు పదిలో తిరిగి చేరుతామని వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. పక్క ఊరి నుంచి ఒక ఆడపిల్ల కూడా వచ్చింది. తరగతిలో కూర్చోవడానికి చోటు చాలక, పెద్దసారు వడ్రంగికి చెప్పి రెండు కొత్త బెంచీలు చేయించాడు. రంపపు పొడి ఇంకా దులపని ఆ బెంచీలు వరండాలో ఉన్నాయి.

రాయమల్లు ఒకదాన్ని ఒక్కడే ఎత్తబోతుంటే, ప్రయాణానికని కట్టుకున్న కొత్త చీర కొంగు నడుముకు దోపుకొని కనక వచ్చి రెండో కొస పట్టుకుంది.

“నీకు బస్సు టైమైతుంది బిడ్డా.”

“నువ్వు గంట కొట్టందే బస్సు యాడికి పోతది బాపు” అంది కనక. నవ్వుతూ వెనక్కి నడుస్తూ గడప దాటింది. తండ్రీకూతుళ్లు బెంచీని కిటికీ పక్కన, వెలుతురు బాగా వచ్చే చోట దించారు. రెండోదాని కోసం మళ్లీ బయటికి వచ్చేసరికి, ఆ తొమ్మిదిమందీ గేటు దగ్గర, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నారు. కనక వాళ్లను చూసి చెయ్యి ఊపింది.

“రాండ్రి” అంది. “గీ బెంచి బరువున్నది. జర చెయ్యి పట్టుండ్రి.”

వాళ్లు వచ్చారు.